జవాబు కంటే ముందు ప్రశ్న: నల్లగొండ, పాలమూరు ఉదాహరణలతో ఒక సమగ్ర మార్గదర్శి

పోచంపల్లి చీర మగ్గం ఎక్కకముందే ఒక పని ఉంటుంది. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక పక్క ఒంటి మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. చేత్తో పోగు పట్టుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ ఒక్కో మేకుకు చుట్టుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు కదులుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18 వేల సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళ మీదే పడేది. భుజం గుంజడం, మోచేయి పట్టేయడం ఆ ఇళ్ళలో తరాలుగా ఉన్న బాధలు.

ఆ బాధను చూసినవాళ్ళు ఎన్నో రకాలుగా అడగవచ్చు. "ఏ నూనె రాస్తే తగ్గుతది?" అంటే నూనె సీసా ఇంటికొస్తుంది. "ఇది ఇడిసిపెడితే ఇంకేం పని దొరుకుతది?" అంటే పట్నం బస్సు ఎక్కాల్సి వస్తుంది. "వచ్చే కోడలికి ఆసు పోయొస్తదా?" అంటే నొప్పి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారుతుంది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న అవస్థ చూసి ఇంకో ప్రశ్న పట్టుకున్నాడు: చేయి చేస్తున్న ఈ కదలికను యంత్రంతో చేయించగలమా? 1992లో మొదలైన ఆ ప్రయత్నం 1999లో లక్ష్మీ ఆసు యంత్రమై నిలబడింది. చీరకు నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు దిగింది. ఆరో తరగతితో బడి మానేసిన ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

నొప్పి ఆ వాడకట్టులో అందరికీ తెలిసిందే. దాన్ని ఎట్లా అడిగారన్న దగ్గరే దారులు చీలాయి. ప్రశ్న ఏ దిక్కు చూస్తే జవాబు ఆ దిక్కు నుంచే వస్తుంది కాబట్టి, జవాబు వెతికే ముందు ప్రశ్న మీద కొంత కాలం ఖర్చుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. అది ఎట్లా చేయాలో మన ప్రాంతంలో జరిగినవాటితోనే చెబుతాను.

మొదటి మెట్టు: ఫిర్యాదును ఉన్నదున్నట్టు రాసి, ముక్కలు చేయండి

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. చేను కాడ, ఇంట్లో, సంతలో వినపడే ఫిర్యాదులను అన్నవాళ్ళ మాటల్లోనే రాయండి. "పత్తి ఏరితే నడుములు పోతున్నయ్." "వడ్లు ఆరబోస్తే వాన కొట్టింది." "పోరడు పుస్తకం ముడుతలేడు." వీటిని మంచి భాషలోకి మార్చకండి. మార్చితే సగం విషయం అక్కడే జారిపోతుంది.

తర్వాత ప్రతి ఫిర్యాదు కింద నాలుగు సంగతులు రాయాలి. బాధ ఎవరికి, ఏ సమయంలో, ఒంట్లో ఏ చోట లేదా పనిలో ఏ ఘట్టంలో, ఎన్నిసార్లు. పత్తి ఏరడాన్నే తీసుకోండి. నడుము నొప్పి అని ఊరుకుంటే ప్రశ్న ముందుకు కదలదు. ఒక సాలు పొడుగునా వెనకే నడిచి చూస్తే వేరే సంగతులు కనిపిస్తాయి. కింది కాయల కోసం ఎన్నిసార్లు వంగుతున్నారు? నడుముకు కట్టుకున్న ఒడి నిండే కొద్దీ బరువు ఎక్కడ పడుతోంది? నింపిన పత్తిని గట్టు మీద పోయడానికి ఎంత దూరం నడుస్తున్నారు? ఎండిన కాయ మొనలు గోళ్ళ సందున గుచ్చుకుంటున్నాయా? వంగడం బాధైతే అది మొక్క ఎత్తుకు సంబంధించిన ప్రశ్న. బరువు బాధైతే ఒడి కట్టే తీరు గురించిన ప్రశ్న. నడక బాధైతే పత్తి కుప్ప ఎక్కడ పోయాలన్న ప్రశ్న, దానికి యంత్రమే అక్కర్లేదు. వేళ్ళ బాధైతే తొడుగు గురించిన ప్రశ్న. ఒక్క ఫిర్యాదులో నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉన్నాయి. లెక్కపెట్టకుండా ఏది ముందు చేయాలో తెలియదు.

ఇట్లా విడగొట్టడంలో ఇంకో లాభం ఉంది. నా దృష్టిలో అదే పెద్దది. మల్లేశం యంత్రం పని ఒక కదలిక దగ్గర చిక్కుకుని చాలా కాలం ఆగిపోయింది. అప్పులు, ఊళ్ళో మాటలు, పొట్టకూటి కోసం హైదరాబాద్ ప్రయాణం అన్నీ అయ్యాయి. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో కరెంటు పని చేస్తుండగా అక్కడి యంత్రం ఒకటి కదిలే తీరు కంటపడింది. తనకు కావలసిన ముక్క అదేనని ఆయనకు వెంటనే తెలిసింది. ఆ యంత్రం చేసేది వేరే పని, ఉన్నది వేరే పరిశ్రమలో. అయినా గుర్తుపట్టగలిగాడంటే, మనసులో మోస్తున్నది "ఆసు కష్టం ఎట్లా తీరాలి" అన్న పెద్ద ప్రశ్న అయ్యుండదు. ఫలానా పోగు ఫలానా మేకు చుట్టూ ఎట్లా తిరగాలన్నంత చిన్నగా, కచ్చితంగా ఉండి ఉంటుంది. అంత సన్నగా చెక్కిన ప్రశ్న ఉన్నవాళ్ళకు జవాబు పరాయి చోట ఎదురైనా తెలిసిపోతుంది.

రెండో మెట్టు: అడగకముందే ఒప్పేసుకున్నదేమిటో చూడండి

ప్రతి ప్రశ్న లోపల ముందే చేసేసిన నిర్ణయం ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి లాగడం ఈ మెట్టు పని. దీనికి నల్లగొండ ఫ్లోరైడ్ కంటే మంచి పాఠం నాకు తెలియదు. ఆ పాఠానికి మన మనుషులు ఎముకలతో మూల్యం చెల్లించారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మన నేల కింద గ్రానైటు రాయి. ఆ రాళ్ళ సందుల్లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. బావులు ఎండి, బోర్లు లోతుకు పోయేకొద్దీ జనం తాగింది ఆ నీళ్ళే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మర్రిగూడ వైపు ఊళ్ళలో గార పట్టిన పళ్ళు, వంగిపోయిన కాళ్ళు, తిరగని మెడలు అది దాటిపోయిందని చెప్పాయి.

మొదటి ప్రశ్న: ఈ నీళ్ళలోంచి ఫ్లోరైడ్‌ను చవకగా తీసేదెట్లా? నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, నీరి, 1970ల్లో దీనికి జవాబు కనిపెట్టింది. నీళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ తగు పాళ్ళలో వేసి కలియబెడితే తెట్టెలు కడతాయి. అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతాయి. పైనీళ్ళు వడగట్టుకోవాలి. బకెట్‌లోనూ చేయొచ్చు, ఊరంతటికీ ట్యాంకు కట్టి చేయొచ్చు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. ఇథియోపియా, టాంజానియా దాకా ఆ పేరుతోనే వెళ్ళింది. మంచి ఆవిష్కరణ. కానీ నీటి గుణాన్ని బట్టి పటిక పాలు మారాలి, రోజూ ఎవరో ఒకరు కొలిచి వేయాలి, అడుగున మిగిలే బురదను ఎక్కడో పారేయాలి. ఈ బరువులన్నీ ప్రశ్నతో పాటే వచ్చాయి. "తాగేది ఈ బోరు నీళ్ళే" అన్నది ఆ ప్రశ్న ముందే ఒప్పుకున్న నిర్ణయం.

రెండో ప్రశ్న ఆ నిర్ణయాన్నే తీసి పక్కన పెట్టింది. ఫ్లోరైడ్ లేని నీళ్ళు మా ఊరికి ఎట్లా వస్తాయి? నల్లగొండ జనం దశాబ్దాల పాటు ధర్నాల్లో, పాదయాత్రల్లో అడిగింది ఇదే. దీనికి జవాబుగా వచ్చేవి పైపులైన్లు, పంపులు, కృష్ణా జలాలు. 2015 జూన్‌లో ఇంటింటికీ నల్లా నీటి పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ వేసిందీ, అది తర్వాత మిషన్ భగీరథ అయిందీ ఈ ప్రశ్న వెంటే.

మూడో ప్రశ్న గురించి చాలామందికి తెలియదు. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్ బయటికి పోయేదెట్లా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి, మూత్రంలో ఎంత ఫ్లోరైడ్ పోతోందో కొలిచారు. ఎక్కువగా పోతున్నట్టు తేలింది. ఆ అధ్యయనం 2002లో అచ్చయింది. బోరు నుంచి, పైపు నుంచి చూపు తిప్పి వంటింటి వైపు చూస్తే చారు గిన్నె కూడా పరిశోధన వస్తువైంది. చింతపండు తింటే చాలు, నీళ్ళు ఏవైనా ఫరవాలేదని దీనర్థం అసలే కాదు. ఒకే బాధకు మూడు ప్రశ్నలు వేస్తే మూడు వేర్వేరు శాస్త్రాలు పనిలోకి దిగాయని చూపడానికే చెబుతున్నాను.

మీరు చేయవలసింది ఇది. మీ ప్రశ్నను పెద్దక్షరాలతో రాసి, "ఇందులో నేను ముందే ఒప్పేసుకున్నది ఏంది?" అని కింద రాయండి. దొరికినదాన్ని కొట్టేసి ప్రశ్నను తిరగరాయండి. కనీసం మూడు రూపాలు వచ్చేదాకా వదలొద్దు. మూడోది రావడం కష్టం, అందుకే దాని కోసం కూర్చోవాలి.

మూడో మెట్టు: ఎందుకు, ఎందుకు, ఎందుకు

మల్లేశం కథకు జపాన్‌లో ఒక తోబుట్టువు ఉంది. సకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు, మగ్గం మీద తల్లి పడే కష్టం చూసి, కొత్త చెక్క మగ్గం తయారుచేసి 1891లో పేటెంట్ తీసుకున్నాడు. పోగు తెగితే తనంతట తానే ఆగిపోయే మగ్గాలు ఆ తర్వాత వచ్చాయి. ఏదైనా చెడిపోతే ఐదుసార్లు ఎందుకని అడగాలన్న అలవాటును ఆయనకే ఆపాదిస్తారు. ఆ కుటుంబం పెట్టిన కార్ల కంపెనీ దాన్ని ప్రపంచమంతా చాటింది.

మన చేను మీద పెట్టి చూద్దాం. మోటారు కాలింది. ఎందుకు? వైండింగ్ వేడెక్కింది. ఎందుకు? ఎక్కువ కరెంటు గుంజింది. ఎందుకు? వోల్టేజి పడిపోయింది. ఎందుకు? 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైదు నడవాల్సిన చోట పది నడుస్తున్నాయి. పైగా అన్నీ ఒక్కసారే మొదలవుతున్నాయి. ఎందుకు? కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యేటట్టు అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు గుంజుతుంది. పది మోటార్లు ఒకే క్షణంలో గుంజితే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి?

మొదటి ఎందుకు దగ్గర ఆగినవాళ్ళు ప్రతి ఏడూ వైండింగ్ దుకాణానికి పోతూనే ఉంటారు. ఐదో ఎందుకు దాకా వెళ్ళినవాళ్ళు పది మంది రైతులను చెట్టు కిందికి పిలిచి, ఎవరి మోటారు ఎప్పుడు వేయాలో మాట్లాడుకుంటారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు రైతులను కోరింది. కారణాల్లో ఇదొకటి, రాత్రంతా బోరు పారి భూగర్భజలం పోవడం ఇంకొకటి.

ఒక జాగ్రత్త. వస్తువులను ఎందుకని అడగొచ్చు. మనుషులను అదే ఊపులో అడిగితే అది నిలదీయడం అవుతుంది. "ఎందుకు చదువలే?" అంటే పిల్లవాడు తల దించుకుంటాడు, అక్కడితో అయిపోతుంది. "ఏ లెక్క కాడ ఆగినవ్ బిడ్డా?" అంటే పుస్తకం తెరిచి చూపిస్తాడు.

నాలుగో మెట్టు: అవునో కాదో తేలేటట్టు మార్చండి

1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగొస్తున్న సి.వి. రామన్‌కు మధ్యధరా సముద్రం నీలం రంగు కుదురుగా ఉండనివ్వలేదు. ఆకాశం ప్రతిబింబం పడి సముద్రం నీలంగా కనిపిస్తుందని లార్డ్ రేలీ చెప్పిన మాట అప్పటికి చెల్లుబాటులో ఉంది. సముద్రం ఎందుకు నీలం అని అనుకుంటూ కూర్చుంటే అది చక్కని ఆలోచనగానే మిగిలిపోయేది. రామన్ దాన్ని కత్తిరించాడు: ప్రతిబింబాన్ని తీసేస్తే నీలం పోతుందా? తన దగ్గరున్న నికోల్ పట్టకంతో (వెలుగును వడగట్టే స్ఫటికం) నీటి మీద తిరిగి మెరిసే వెలుగును ఆపి చూశాడు. నీలం పోలేదు. రంగు నీటిలోపలే పుడుతోందని తేలింది. వెలుగు చెదిరే తీరు మీద అక్కడ మొదలైన పనే 1928 నాటి రామన్ ఫలితానికి, 1930 నోబెల్‌కు దారితీసింది.

మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఇట్లాంటి ఘట్టమే ఎదురైంది. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి, 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది. సందర్శకులను ఆపేశారు. ఏ మందు కొట్టాలన్నది మొదటి ప్రశ్న. చెద మందు ఎక్కించారు, కానీ లోపల నిలవలేదు. అప్పుడు మందు మీది నుంచి ప్రశ్న సమయం మీదికి జరిగింది. మందు కొమ్మ లోపల ఎక్కువసేపు ఎట్లా ఉంటుంది? ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, పలచన చేసిన మందును చుక్క చుక్కగా దించారు. మందు మారలేదు, చెట్టు మారలేదు, మారింది ప్రశ్నే.

మీ ప్రశ్నకు కూడా ఈ పరీక్ష పెట్టండి. "ఏది మారిస్తే ఏది మారాలి? మారకపోతే నేనేం తెలుసుకుంటా?" ఈ రెంటికీ సమాధానం రాయలేకపోతే ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉంది.

ఐదో మెట్టు: ఎవరిని అడుగుతున్నాం?

ఒకే ప్రశ్న, అడిగే మనిషి మారితే వేరే ఫలితం ఇస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లిలో ఉన్నాడు. తెలంగాణలో భూమి కోసం రక్తం పారుతున్న కాలం. అక్కడి దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నాయి. సర్కారుకు అర్జీ పెట్టడం ఒక దారి. ఆయన ఆ ప్రశ్నను అక్కడ కూర్చున్న ఊరి మీదికే తిప్పాడు: మీలో ఎవరైనా ఇస్తారా? వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అట్లా పుట్టింది. అయితే ఇస్తారా అని అడిగినంత గట్టిగా, ఇచ్చిన భూమి ఎవరి పేరున ఎక్కింది, సాగుకు పనికొస్తుందా అని వెంటపడి అడగలేదు. భూదాన భూముల వివాదాలు ఈనాటికీ నడవడానికి అదొక కారణమని నా అభిప్రాయం. ఒక్క గొప్ప ప్రశ్న తర్వాత అడగాల్సిన చిన్న ప్రశ్నల జాబితా కూడా ఉండాలి.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఇంకో రకం పాఠం చెబుతాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట అచ్చులో వచ్చినప్పుడు ఆయన వాదానికి దిగి ఊరుకోలేదు. ఆ నిందను లెక్కగా మార్చాడు: ఎవరెవరున్నారు, ఏ ఊళ్ళో ఉన్నారు, పద్యాలు పంపండి. 1934లో గోలకొండ కవుల సంచిక 354 మంది కవులతో వెలువడింది. చరిత్ర రాయబోయినప్పుడూ అంతే. ఏ రాజు ఎప్పుడు ఏలాడన్న ప్రశ్నను పక్కకు జరిపి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని అడిగాడు. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర అట్లా వచ్చింది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, దానికే. ఎవరైనా మిమ్మల్ని "మీకేం వస్తది?" అని తక్కువ చేస్తే నోటుబుక్కు తీయండి. ఏమేం వచ్చో లెక్క రాయండి.

మన బతుకు మీద వేసుకునే ప్రశ్నలు

ఇక్కడ చాలామంది సులువైన సలహా ఇస్తారు: "నాకే ఎందుకిట్ల?" అనడం మాని "నేనేం చేయగల?" అనుకోమంటారు. సగం నిజం. "నలుగురేమనుకుంటరు?" అన్న ప్రశ్నతోనే నిర్ణయాలన్నీ తీసుకునే ఇల్లు ఆ నలుగురి ఇల్లే అవుతుంది, మనది కాదు. "ఇది నేర్చుకుంటే రేపు ఏం మారుతది?" అని అడిగే ఇంట్లో పిల్లల నడక వేరుగా ఉంటుంది. ఇంతవరకు ఒప్పుకుంటాను.

కానీ దేశమంతటా డ్యాములు, కాలువలు కట్టిన పాలమూరు వలస కూలీ, "అందరి పొలాలకు నీళ్ళు మళ్ళించినం, మా చేనుకు ఎందుకు రాలే?" అని అడిగితే, నీ చూపు మార్చుకోమని చెప్పడం అన్యాయం. అది పాలకులకు చేరాల్సిన న్యాయమైన ఎందుకు. మర్రిగూడలో కాళ్ళు వంగిన పిల్లవాడి ప్రశ్నా అంతే. అందుకని మనసు బరువెక్కినప్పుడు కాగితాన్ని నిలువుగా రెండు చేయండి. ఎడమ పక్క నా చేతిలో ఉన్న ప్రశ్నలు, కుడి పక్క ఇంకొకరు జవాబు చెప్పాల్సినవి. కుడి పక్కవాటి ఎదురుగా ఆ ఇంకొకరి హోదా రాయండి: సర్పంచ్, ఎంపీడీవో, కలెక్టర్, ఎమ్మెల్యే. ఎడమవాటితో రేపటి పని మొదలవుతుంది, కుడివాటితో అర్జీ తయారవుతుంది. రెంటినీ కలిపేస్తే మనిషి తనను తాను తిట్టుకోవడమో, అందరినీ తిట్టడమో మిగులుతుంది.

పిల్లలతో చేయించే తీరు

వారానికో రోజు ఒక వస్తువు మధ్యలో పెట్టండి. పది నిమిషాలు ఎవరూ జవాబు చెప్పకూడదు, ప్రశ్నలే. పెద్దవాళ్ళకు ఈ నియమం పాటించడం చాలా కష్టం, పాటించి తీరాలి. మట్టి కూజా పెడితే మొదట "ఎవరు చేసిన్రు, ఎంతకు కొన్నరు" అని వస్తాయి. కాసేపటికి, "నీళ్ళు సల్లగ ఎందుకయితయి?" దాని వెనకే ఒక పిల్ల అడుగుతుంది, "కూజాకు రంగేస్తే గూడ సల్లగయితయా?" అదే ఆ రోజుకు పట్టుకోవలసిన ప్రశ్న, ఎందుకంటే రెండు కూజాలు తెచ్చి రేపే తేల్చుకోవచ్చు. రంగు మట్టి రంధ్రాలను మూస్తే నీరు ఊరి ఆవిరి కావడం ఆగుతుంది, చల్లదనం తగ్గుతుంది. ఇది పిల్లలు చేత్తో ముట్టుకుని తెలుసుకున్నాక పుస్తకంలో బాష్పీభవనం పాఠం తీయండి.

ప్రశ్న పక్వానికొచ్చాక ఎక్కడికి తీసుకెళ్ళాలి

బడి పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ పథకం ఉంది. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం 10 వేల రూపాయలు ఇస్తారు. దరఖాస్తు బడి ద్వారానే వెళ్ళాలి, సైన్సు సారును పట్టుకోండి. పెద్దవాళ్ళకు తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ మొదలుపెట్టిన ఇంటింటా ఇన్నోవేటర్ అనే కార్యక్రమం ఉంది, ఎంపికైనవాటిని పంద్రాగస్టుకు జిల్లాల్లో ప్రదర్శనకు పెడతారు. పల్లె సృజన అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చిన్న శోధయాత్రల పేరుతో ఊళ్ళలో నడుస్తూ ఇట్లాంటి మనుషులనే వెతుకుతారు. మల్లేశానికి తోడు నిలిచినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

వెళ్ళేటప్పుడు ఒకే పేజీ తయారుచేసుకోండి. బాధ ఎవరిది, రోజుకు ఎన్నిసార్లు, మీరు వేసిన ప్రశ్న, అది ఎన్ని రూపాలు మారింది, ఏం చేసి చూశారు, ఇంకా తేలనిది ఏంటి. బొమ్మ చేత్తో గీసినా చాలు, కొలతలు మాత్రం ఉండాలి. పనిచేయని నమూనాలను పాత సామాన్లవాడికి వేయకండి, వాటినీ బస్సెక్కించండి. ఏ దారి మూసుకుపోయిందో చూపించడానికి అవే పనికొస్తాయి.